వెయ్యిమంది క్యాంపసా, నలభై వేలమంది క్యాంపసా: తరచుగా అడిగే ప్రశ్నలు

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే చాలు, ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. చేరాక వచ్చేవి ఇంకొన్ని. నేను చదివింది చిన్న కాలేజీలో, తర్వాత పాఠాలు చెప్పింది చాలా పెద్ద యూనివర్సిటీలో. రెండు వైపులా కొంత చూశాను కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. మీరు ఏ దశలో ఉంటే ఆ భాగం మాత్రం చదువుకున్నా సరిపోతుంది.

## దరఖాస్తు పెట్టకముందు

అసలు ఎంతమంది ఉంటే చిన్నది, ఎంతమంది ఉంటే పెద్దది?

అందరూ ఒప్పుకున్న గీత లేదు. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీలిచ్చే సంస్థలకు కార్నెగీ వర్గీకరణ చాలాకాలం వాడిన కొలత ఒకటుంది: వెయ్యిమంది లోపైతే మరీ చిన్నది, 3,000 లోపు చిన్నది, 10,000 లోపు మధ్యస్థం, ఆపైన పెద్దది. రోజువారీ బతుకులో నాకు కనిపించిన గీతలు వేరు. వెయ్యి లోపు ఉంటే ఏడాది తిరిగేసరికి దాదాపు అందరి ముఖాలూ గుర్తుపడతారు. మూడు వేల దగ్గర మీ బ్యాచ్ వరకే తెలుస్తుంది. పది వేలు దాటాక, పన్నెండు వేలకూ నలభై వేలకూ ఉన్న తేడా స్నేహాల్లో పెద్దగా తెలియదు. బస్సు దగ్గర, హాస్టల్ గది దగ్గర మాత్రం బాగా తెలుస్తుంది.

బ్రోషర్‌లో రాసిన విద్యార్థుల సంఖ్యను నమ్మొచ్చా?

సంఖ్య నిజమే అయ్యుండొచ్చు. అందులో ఎవరెవరిని కలిపారన్నదే చూడాలి. దూరవిద్యలో ఉన్నవాళ్లు, సాయంత్రం క్లాసులకు వచ్చేవాళ్లు, వేరే ఊళ్లో ఉన్న క్యాంపస్ వాళ్లు, అనుబంధ కాలేజీల వాళ్లు అందరూ ఒకే అంకెలో కూర్చుని ఉండొచ్చు. 1985లో మొదలైన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం తమ విద్యార్థులు 30 లక్షలకు పైగా అని చెబుతుంది. అంతమంది ఒకచోట కనబడే క్యాంపస్ ఎక్కడా లేదు.

అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఈ క్యాంపస్‌లో, క్లాసులు జరిగే మామూలు రోజున ఎంతమంది ఉంటారు? వాళ్లలో రాత్రి ఇక్కడే పడుకునేవాళ్లు ఎంతమంది? పదిహేను వేలమందిలో ఎక్కువమంది ఇళ్ల నుంచి వచ్చిపోయేవాళ్లయితే సాయంత్రం ఐదింటికల్లా ఆవరణ బోసిపోతుంది. నాలుగు వేలమందీ హాస్టళ్లలోనే ఉండే చోట రాత్రి పదకొండుకు కూడా సందడి తగ్గదు. రెండో అంకె చెప్పడానికి ఎవరైనా తటపటాయిస్తే, అది తక్కువని అర్థం చేసుకోండి.

చిన్నదైతే అందరూ పట్టించుకుంటారు, పెద్దదైతే గుంపులో గోవిందయ్యలమే అంటారు. నిజమేనా?

సగం నిజం. దీని మీద నాకు తెలిసిన మంచి పరిశీలన యూనివర్సిటీల మీద జరిగింది కాదు, హైస్కూళ్ల మీద. రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో 35 మంది ఉన్న బడి నుంచి 2,287 మంది ఉన్న బడి వరకు పోల్చి చూసి 1964లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు లెక్కపెట్టింది పిల్లల్ని ఒక్కరినే కాదు. ఆటలు, నాటకాలు, క్లబ్బులు, తరగతులు, సమావేశాలు, ఇలా పిల్లలు ఏదో ఒకటి చేసే సందర్భాలన్నిటినీ లెక్కపెట్టారు. అన్నిటికన్నా పెద్ద బడిలో పిల్లలు చిన్న బడికి 65 రెట్లు. సందర్భాలు మాత్రం 8 రెట్లే. వాటిలో రకాలు చూస్తే ఒకటిన్నర రెట్లు.

అంటే నాటకం రెండుచోట్లా ఉంటుంది. చిన్నచోట వేషానికి మనిషి దొరకక, ఎప్పుడూ స్టేజీ ఎక్కనివాణ్ణి కూడా చెయ్యి పట్టుకుని లాక్కొస్తారు. పెద్దచోట ఒక్కో వేషానికి వందమంది పోటీ, మిగిలినవాళ్లు ప్రేక్షకులు. చిన్నచోట మనుషులు మరింత మంచివాళ్లై పట్టించుకుంటున్నారనుకోవద్దు. మీరు లేకపోతే పని ఆగుతుంది, అందుకని పట్టించుకుంటారు. అదే కారణంతో మీకు ఇష్టం లేని బాధ్యతలూ నెత్తిన పడతాయి. యూనివర్సిటీని చూసేటప్పుడు కూడా మొత్తం సంఖ్యకన్నా, ఒక్కో పనికి ఎంతమంది పోటీ పడుతున్నారన్నది చూడండి. ఐదు వేలమంది ఉన్నా నూట యాభై బృందాలు చురుగ్గా నడిచే చోట, రెండు వేలమంది ఉండి పది బృందాలే ఉన్న చోటికన్నా మీ అవసరం ఎక్కువ పడుతుంది.

మనిషి 150 మందికి మించి గుర్తుపెట్టుకోలేడంటారు కదా, అప్పుడు సైజుతో పనేముంది?

మానవశాస్త్రవేత్త రాబిన్ డన్బార్ 1990ల మొదట్లో కోతిజాతుల మెదడు పరిమాణాన్నీ వాటి గుంపుల పరిమాణాన్నీ పోల్చి, మనిషి నిలకడగా నిలుపుకోగల సంబంధాలు సుమారు 150 అన్న అంచనా వేశారు. ఆ అంకె కచ్చితత్వం మీద వాదోపవాదాలు ఇంకా ఉన్నాయి. ఇది తీసుకెళ్లి ఎడ్మిషన్ నిర్ణయం మీద రుద్దక్కర్లేదు. ఒక్క సంగతికి మాత్రం పనికొస్తుంది: రెండుచోట్లా మీ చుట్టూ ఉండేది కొద్దిమందే. చిన్నచోట ఆ కొద్దిమందిని ఆవరణే మీ ముందు పెడుతుంది. పెద్దచోట మీరే వెతుక్కోవాలి, వెతుక్కోకపోతే ఆ జాగా ఖాళీగానే ఉండిపోతుంది.

నాకు బిడియం ఎక్కువ. చిన్నదే మంచిదా?

బిడియం ఎలాంటిదో చూసుకోండి. ముక్కూ మొహం తెలియనివాళ్లను పలకరించడమే కష్టమైతే చిన్నచోటు మీకు సాయం చేస్తుంది. నాలుగు వారాల్లో అదే ముఖం ఇరవైసార్లు ఎదురై, పలకరింపు దానంతట అదే వస్తుంది. నలుగురూ చూస్తున్నారన్న భావనే ఇబ్బందైతే చిన్నచోటు నరకం. క్యాంటీన్‌లో ఒక్కరే కూర్చుని తిన్నా రేపు ఎవరో ఒకరు "ఏమైంది, ఒక్కడివే ఉన్నావు?" అని అడుగుతారు. పెద్దచోట ఆ ప్రశ్న రాదు. రాకపోవడం కొందరికి వరం.

నా ఇష్టం చాలా అరుదైనది. నాలాంటివాళ్లు దొరుకుతారా?

ఇక్కడ పెద్దదానికే నా ఓటు. ఐదు వందల మందిలో ఒకరికి ఉండే ఇష్టం అనుకుందాం, పాత లిపులు చదవడం లాంటిది. 800 మంది ఉన్న చోట సగటున ఒకరిద్దరు. అందులో ఒకరు మీరే. 40,000 మందిలో ఎనభై మంది. ఎనభై మందితో సంఘం నడుస్తుంది, గది అడగొచ్చు, వక్తను పిలవొచ్చు. మాట్లాడే భాష, మతం, వైకల్యం, లైంగికత వంటి విషయాల్లో తక్కువ సంఖ్యలో ఉండేవాళ్లకూ ఇదే లెక్క. చిన్నచోట అలాంటి విద్యార్థి ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ తమ వాళ్లందరి తరఫునా జవాబులు చెబుతూ ఉండాల్సొస్తుంది. ఆ అలసట బయటివాళ్లకు కనబడదు.

పెద్ద యూనివర్సిటీ అంటే సౌకర్యాలు ఎక్కువే కదా?

సౌకర్యాల్లో రెండు రకాలున్నాయి. పంచినా తరగనివి, పంచితే తరిగేవి. లైబ్రరీలో అరుదైన పుస్తకాలు, ఖరీదైన సూక్ష్మదర్శిని, పెద్ద సభామందిరం, యూనివర్సిటీ సొంత ఆసుపత్రి మొదటి రకం. అసలు ఉన్నాయా లేవా అన్నదే ప్రశ్న, పెద్దచోట ఉండే అవకాశం ఎక్కువ. హాస్టల్ గది, కౌన్సెలర్ సమయం, ఆటస్థలం, పరీక్షల ముందు లైబ్రరీలో కుర్చీ రెండో రకం. వీటిని తలకెంత అని భాగించి చూడండి. ఎనిమిది వేలమందికి నలుగురు కౌన్సెలర్లుంటే ఒక్కొక్కరికి రెండు వేలమంది. వెయ్యిమందికి ఒక్కరే ఉన్నా అది రెట్టింపు నయం.

## సీటు ఖాయం చేసుకునే ముందు

సగటు క్లాసు సైజు 50 అన్నారు. వెళ్లి కూర్చుంటే 300 మంది. అబద్ధం చెప్పారా?

చెప్పకపోయి ఉండొచ్చు. చిన్న లెక్క చేద్దాం. ఒక విభాగంలో పది క్లాసులు. తొమ్మిదింటిలో ఇరవై మంది చొప్పున, ఒకదాంట్లో 320 మంది. మొత్తం 500 కుర్చీలు, పది క్లాసులు, సగటు 50. బ్రోషర్ లెక్క ఇది. ఇప్పుడు విద్యార్థుల వైపు నుంచి చూడండి. ఆ ఐదు వందల కుర్చీల్లో 320, అంటే 64 శాతం, పెద్ద క్లాసులోనే ఉన్నాయి. కూర్చున్న ఒక్కొక్కరినీ "మీ క్లాసులో ఎంతమంది?" అని అడిగి సగటు తీస్తే 212 వస్తుంది. క్లాసుల సగటు 50, విద్యార్థి అనుభవించే సగటు 212. రెండూ నిజమే.

"మా క్లాసుల్లో 90 శాతం పాతిక మందిలోపే" అన్న వాక్యం కూడా పై ఉదాహరణకు అచ్చంగా సరిపోతుందని గమనించండి. అందుకే సగటు అడక్కండి. "మొదటి ఏడాది విద్యార్థి తీసుకునే ఐదు క్లాసుల్లో ఒక్కోదాంట్లో ఎంతమంది?" అని అడగండి. నాకు తెలిసి దీన్ని దాటవేసే దారి లేదు.

అధ్యాపకులకూ విద్యార్థులకూ నిష్పత్తి 1:15 అంటే క్లాసులో 15 మందేనా?

కాదు. విద్యార్థి ఐదు సబ్జెక్టులు చదువుతూ, అధ్యాపకుడు రెండే చెబుతుంటే, సగటు క్లాసు 15 ఇంటూ 5 భాగించు 2, అంటే 37 దాటుతుంది. పరిశోధనకే పరిమితమైనవాళ్లను, సెలవులో ఉన్నవాళ్లను కూడా అధ్యాపకుల లెక్కలో కలిపితే ఇంకా పెరుగుతుంది.

పెద్ద యూనివర్సిటీలో చిన్న చిన్న కాలేజీలుగా విడగొడతారట. పనిచేస్తుందా?

బాగా చేస్తే పనిచేస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థి యూనివర్సిటీలో ఉంటూనే, ఏదో ఒక కాలేజీకి చెంది ఉంటాడు. ఉండటం, తినడం, చిన్న బృందాలుగా పాఠం చెప్పించుకోవడం ఎక్కువగా ఆ గొడుగు కిందే. అమెరికాలోని యేల్ యూనివర్సిటీ 1933లో ఈ తరహా రెసిడెన్షియల్ కాలేజీలు మొదలుపెట్టింది. 2017లో మరో రెండు చేరి మొత్తం 14 అయ్యాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటాక్రూజ్ క్యాంపస్‌నైతే 1965లో మొదలైనప్పటి నుంచే కాలేజీల గుత్తిగా నడిపారు.

కాపీ కొట్టేవాళ్లు తరచుగా పేరు మాత్రం తీసుకుంటారు. హాస్టల్ బ్లాకులకు నాలుగు రంగులు, నాలుగు జెండాలు పెట్టినంత మాత్రాన ఏమీ మారదు. నాలుగు విషయాలు చూడండి: భోజనం ఒకేచోట చేస్తారా, సీనియర్లూ జూనియర్లూ కలిసి ఉంటారా, ఏళ్లు మారినా మీరు అదే కాలేజీలో కొనసాగుతారా, అధ్యాపకులు ఎవరైనా అక్కడ కాపురం ఉంటారా. కాలేజీ చేతిలో ఖర్చుపెట్టుకునే సొంత డబ్బుంటే ఇంకా మంచిది. మొదటి ఏడాది వాళ్లనందరినీ ఒక బ్లాకులో పోసి, ఏడాది చివర విడగొట్టేసే చోట ఈ పద్ధతి పేరుకే.

విద్యార్థుల సంఖ్య ఏటా పెరుగుతోందంటే మంచి సంకేతమేనా?

ఎంత వేగంగా అన్నదాన్ని బట్టి. అడ్మిషన్లు ఒక్క వేసవిలో పెంచొచ్చు, హాస్టల్ కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడం విద్యార్థుల మీదే పడుతుంది: ఇద్దరి గదిలో ముగ్గురు, రాత్రి ఏడింటికి ల్యాబ్, కొత్తగా చేరిన అధ్యాపకుడికి నాలుగు సెక్షన్లు. చాలాకాలంగా ఇరవై వేల దగ్గర నిలబడ్డ క్యాంపస్, మూడేళ్లలో ఆరు వేల నుంచి తొమ్మిది వేలకు దూకినదానికన్నా సుఖంగా ఉంటుంది.

ఒక్కరోజు వెళ్లి చూసి రావడానికే వీలుంది. ఏం చూడాలి?

గైడ్ చూపించేవి చూడండి, పర్లేదు. తర్వాత ఒంటరిగా ఉండిపోండి. క్లాసు వదిలే సమయంలో ఒక కూడలిలో పది నిమిషాలు నిలబడి, ఎంతమంది ఒకరినొకరు పలకరించుకుంటున్నారో గమనించండి. నోటీసు బోర్డుల మీద తేదీలు చూడండి. పోయిన ఏడాది కాగితాలే వేలాడుతుంటే బృందాలు కాగితం మీదే ఉన్నట్టు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా ఉండగలిగితే అసలు క్యాంపస్ అప్పుడు కనబడుతుంది. మూడో ఏడాది విద్యార్థి దొరికితే, "బాగుందా?" అని అడక్కుండా, "పోయినసారి కావాలనుకున్న ఎలక్టివ్ దొరికిందా? దొరక్కపోతే ఏం చేశావు?" అని అడగండి.

## మొదటి సెమిస్టర్‌లో

వేలమంది మధ్య ఉన్నా ఒంటరిగా ఉంది. లోపం నాలోనా?

ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చేది పెద్ద యూనివర్సిటీల నుంచే. లోపం మీలో ఉండే అవకాశం చాలా తక్కువ. స్నేహం సగం భౌగోళిక శాస్త్రం. ఫెస్టింగర్, షాక్టర్, బాక్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని ఎంఐటీలో వివాహిత విద్యార్థుల నివాసాలను పరిశీలించి, దగ్గరి స్నేహితులు ఎవరని అడిగి, 1950లో ఫలితాలు ప్రచురించారు. ఇళ్లు కేటాయించింది సంస్థే, కాబట్టి పక్కింట్లో ఎవరుంటారన్నది వాళ్ల చేతిలో లేదు. అయినా పక్క తలుపువాళ్లలో 41 శాతం మందిని, రెండు తలుపుల అవతలివాళ్లలో 22 శాతం మందిని స్నేహితులుగా చెప్పారు. అదే అంతస్తులో రెండు చివరల ఉన్నవాళ్ల దగ్గరికొచ్చేసరికి 10 శాతం. కొన్ని అడుగుల దూరమే అంత తేడా తెచ్చింది.

రెండోది సమయం. కాన్సస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ 2018లో వేసిన అంచనా ప్రకారం, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు అనిపించుకోవడానికి 90 గంటలు, ఆప్తుడు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. చిన్నచోట అవే ముఖాలు రోజూ తగులుతుంటాయి కాబట్టి ఈ గంటలు తెలియకుండానే పోగవుతాయి. పెద్దచోట రోజుకో కొత్త ముఖం. రెండు వందల మందితో అరగంట చొప్పున వంద గంటలు గడిచిపోతాయి, ఒక్కరూ స్నేహితులు కారు.

కాబట్టి కొత్తవాళ్లను కలవడం కాస్త తగ్గించి, కలిసినవాళ్లనే మళ్లీ కలవండి. ప్రతివారం ఒకే రోజు, ఒకే గంట, అదే పదిమంది వచ్చే పని ఒకటి పట్టుకోండి: బృందగానం, చదువుల బృందం, పరుగు, ఏదైనా సరే. పని ఏమిటన్నది ముఖ్యం కాదు. ఆరు వారాల పాటు మానకండి. మూడో వారంలో "ఇది నాకు పడదు" అనిపిస్తుంది. దాదాపు అందరికీ అనిపిస్తుంది.

క్లాసులో 300 మంది. ప్రొఫెసర్‌కి నా పేరు ఎలా తెలుస్తుంది?

విద్యార్థుల కోసం కేటాయించిన గంటల్లో వాళ్ల గదికి వెళ్లండి. పరీక్ష ముందురోజు తప్ప ఆ గదులు ఖాళీగా ఉంటాయి. నేను 280 మందికి చెప్పిన సెమిస్టర్లలో వారానికి నలుగురైదుగురు వస్తే గొప్ప. రెండో మూడో వారంలోనే, చదివినదాంట్లో ఎక్కడ ఆగిపోయారో ఆ పేజీ తీసుకుని వెళ్లండి. సబ్జెక్టు మొత్తం అర్థం కాలేదంటే మాట అక్కడే ఆగిపోతుంది. "ఈ మూడో మెట్టు ఎలా వచ్చింది?" అంటే ఇరవై నిమిషాలు మాట్లాడతారు, పేరు అడుగుతారు.

ఎక్కడికెళ్లినా క్యూయే. అంతమంది లేకపోయినా ఇంతసేపెందుకు?

క్యూ జనంతో సమానంగా పెరగదు. ఒక కౌంటర్ గంటకు సగటున అరవై మంది పని చేయగలదనుకోండి. గంటకు యాభై మంది వస్తుంటే, క్యూల లెక్కల్లో మామూలుగా వాడే సూత్రం ప్రకారం, మనిషి అక్కడ గడిపేది సగటున 6 నిమిషాలు. యాభై ఏడుమంది వస్తే 20 నిమిషాలు. పెరిగింది ఏడుగురే. కౌంటర్ సామర్థ్యానికి దగ్గరవుతున్న కొద్దీ నిరీక్షణ ఇలా ఎగబాకుతుంది. మీరు చేయగలిగింది, రద్దీకి ఇరవై నిమిషాలు అటో ఇటో వెళ్లడం. అందరికీ క్లాసు ఒకేసారి వదులుతారు కాబట్టి ఆ ఇరవై నిమిషాలు దాటితే రద్దీ తెలియకుండా పోతుంది.

చిన్న క్యాంపస్‌లో ఓ తెలివితక్కువ పని చేశాను. అందరికీ తెలిసిపోయింది. ఎలా తలెత్తుకోవాలి?

చిన్నచోట గోడలకే కాదు, మెట్లకు కూడా చెవులుంటాయి. నొచ్చుకున్న మనిషి ఉంటే వాళ్ల దగ్గరికి నేరుగా వెళ్లి క్షమాపణ చెప్పండి. మిగిలినవాళ్లకు సంజాయిషీలు ఇవ్వకండి, ఇచ్చినకొద్దీ కథ పెరుగుతుంది. మూడు వారాల్లో ఇంకెవరో ఇంకేదో చేస్తారు. ఏడాదికి పావువంతు జనం వెళ్లిపోయి కొత్తవాళ్లు వస్తారు కాబట్టి, మీరు చివరి ఏడాదికి వచ్చేసరికి ఆ కథ తెలిసినవాళ్లు మీ బ్యాచ్ ఒక్కటే.

హాస్టల్లో పక్క గది అతను మూడు రోజులుగా బయటికి రావట్లేదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారు కదా?

చెప్పలేదనే అనుకోండి. ఇది చదవడం ఆపి, వెళ్లి తలుపు తట్టండి. తీయకపోతే వార్డెన్‌కు చెప్పండి.

ఎందుకంటే 1968లో డార్లీ, లతానే అనే పరిశోధకులు విద్యార్థులతోనే ఒక ప్రయోగం చేశారు. మాటల మధ్యలో అవతలి గది నుంచి ఒకరు మూర్ఛతో బాధపడుతున్నట్టు వినిపిస్తుంది. వింటున్నది తామొక్కరే అనుకున్నవాళ్లలో ఆ గొంతు ఆగిపోయేలోపు సాయానికి కదిలినవాళ్లు 85 శాతం. మరో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతం. వాళ్లు రాతిగుండెల వాళ్లేమీ కాదు, చాలామంది చేతులు వణికాయి. ఇంకెవరో చూసుకుంటారనుకున్నారు, అంతే. రెండు వందల మంది ఉన్న హాస్టల్ అంతస్తులో అలా అనుకునేవాళ్లు నూట తొంభైతొమ్మిది మంది.

## రెండో, మూడో ఏడాది

క్లబ్బులో చేరడానికి కూడా రెండు రౌండ్ల ఇంటర్వ్యూలా?

పెద్దచోట అంతే. ఇరవై జాగాలకు నాలుగు వందల దరఖాస్తులొస్తే ఏదో ఒక వడపోత పెడతారు. పెట్టేది మీకన్నా ఏడాది పెద్దవాళ్లే కాబట్టి అది తరచుగా అర్థం లేకుండా ఉంటుంది. రాకపోతే మనసు కష్టపెట్టుకోకండి. పేరున్న క్లబ్బు వదిలేసి, మనుషులు చాలని దాంట్లోకి వెళ్లండి. రెండో నెలలోనే కోశాధికారి మీరవుతారు. లేదా తిరస్కరణకు గురైన మరో ఆరుగురిని పోగేసి కొత్తది పెట్టండి. నేను చూసిన చురుకైన బృందాల్లో కొన్ని అలా పుట్టినవే.

ఆటల్లో పెద్ద ప్రతిభ లేదు. కానీ యూనివర్సిటీ టీమ్‌లో ఆడాలని కోరిక.

చిన్నచోటికి వెళ్లండి. డిగ్రీ విద్యార్థులు వెయ్యి అటూ ఇటూగా ఉండే కాల్‌టెక్ (కాలిఫోర్నియాలోని సాంకేతిక విద్యాసంస్థ) పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు, తన కాన్ఫరెన్స్‌లో, అంటే తాను ఆడే కాలేజీల లీగులో, 1985 నుంచి వరసగా 310 మ్యాచ్‌లు ఓడి, 2011 ఫిబ్రవరిలో ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. ఆ ఇరవై ఆరేళ్లూ కుర్రాళ్లు మైదానంలోకి వస్తూనే ఉన్నారు. పెద్దచోట జట్టు గెలుస్తుంది, మీరు గ్యాలరీలో ఉంటారు. లక్ష మంది పట్టే స్టేడియంలో కేకలు వేయడంలోనూ ఆనందం ఉంది, కాదనను. అది వేరే ఆనందం.

కావాలనుకున్న ఎలక్టివ్ రెండేళ్లకోసారే చెబుతారట. ఏం చేయాలి?

చిన్న విభాగాల్లో ఇది మామూలే. ఆరుగురు అధ్యాపకులు ముప్పై సబ్జెక్టులు ఏటా చెప్పలేరు. చివరి సెమిస్టర్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ మొదటి ఏడాదే ప్రణాళిక వేసుకోండి. తప్పిపోతే ఆ అధ్యాపకుడి దగ్గరికెళ్లి, విడిగా ఒక సెమిస్టర్ చదివిస్తారా అని అడగండి. చిన్నచోట్ల ఒప్పుకునేవాళ్లు ఎక్కువ. పెద్దచోట సమస్య తిరగబడుతుంది: సబ్జెక్టు ప్రతి సెమిస్టర్ ఉంటుంది, రిజిస్ట్రేషన్ తెరిచిన పది నిమిషాల్లో సీట్లు అయిపోతాయి.

ప్రేమ తెగిపోయింది. చిన్న క్యాంపస్. రోజూ ఎదురుపడాల్సొస్తోంది.

నెల రోజుల పాటు లైబ్రరీ, క్యాంటీన్ వేళలు మార్చుకోండి. ఎదురైతే తల ఊపి ముందుకెళ్లండి. ఇద్దరికీ ఉన్న స్నేహితులను పక్షం ఎంచుకోమని అడక్కండి. చిన్నచోట వాళ్లను పోగొట్టుకుంటే మళ్లీ దొరకరు.

విద్యార్థుల మాట చెల్లుబాటు అయ్యేది ఎక్కడ?

మరీ చిన్నచోట చాలా చెల్లుతుంది. కాలిఫోర్నియా ఎడారిలో 1917లో పెట్టిన డీప్ స్ప్రింగ్స్ కాలేజీలో విద్యార్థులు ముప్పైమంది లోపే. కొత్తవాళ్లను చేర్చుకోవడంలో, అధ్యాపకులను ఎంపిక చేయడంలో కూడా వాళ్లకు భాగముంది. పశువుల కొట్టం, వంటగది పనులూ వాళ్లవే. పెద్దచోట ఒక్కరి మాట వినబడదు, సంఘటితమైన గొంతు మాత్రం గట్టిగా వినబడుతుంది. నలభై వేలమందిలో నాలుగు వేలమంది సంతకాలు పెడితే పత్రికలవాళ్లు వస్తారు. ఎన్నికల్లోనూ తేడా ఇదే: చిన్నచోట మనిషిని చూసి ఓటేస్తారు, పెద్దచోట అభ్యర్థి ఎవరో చాలామందికి తెలియదు, కాబట్టి వెనక ముఠా ఉన్నవాళ్లు గెలుస్తారు.

ఇక్కడ ఊపిరాడట్లేదు. వేరే యూనివర్సిటీకి మారిపోనా?

మారే ముందు ఉన్నచోటే కొలత మార్చి చూడండి. చిన్నచోట ఉక్కగా ఉంటే వారానికి ఒకరోజు క్యాంపస్ బయట ఏదైనా పని, బృందం పెట్టుకోండి. మార్పిడి పథకం కింద ఒక సెమిస్టర్ మరోచోట చదివే వీలుంటే వాడుకోండి. పెద్దచోట తప్పిపోయినట్టుంటే ఒక ల్యాబ్‌లోకో, ఒక చిన్న విభాగంలోకో జొరబడి అక్కడే కుర్చీ వేసుకోండి. రెండు సెమిస్టర్లు ఇలా చేశాక కూడా పొద్దున లేవాలనిపించకపోతే, మారడం తప్పేం కాదు.

## చివరి ఏడాది, ఆ తర్వాత

రికమెండేషన్ లెటర్ విషయంలో ఎక్కడ నయం?

చిన్నచోట అధ్యాపకుడు మీ గురించి రెండు పేజీలు రాయగలడు. మూడు పాఠాలు, రెండు ప్రాజెక్టులు, మీరు తడబడ్డ ఒక సందర్భం, అన్నీ ఆయనకు గుర్తుంటాయి. పెద్దచోట రాసేవారి పేరు గొప్పదై ఉండొచ్చు, ఉత్తరంలో మాత్రం "నా క్లాసులో మొదటి పదిశాతంలో ఉన్నారు" అని ఒక్క వాక్యమే ఉంటుంది. అలాంటి ఉత్తరాలు నేనూ రాశాను, మొహమాటానికి. వాటివల్ల ఎవరికీ మేలు జరగలేదనే నా అనుమానం. పెద్దచోట చదివేవాళ్లు మూడో ఏడాదిలోనైనా ఒక్క అధ్యాపకుడి దగ్గర ఏదో ఒక పని పూర్తిచేసి పెట్టుకోవాలి.

పూర్వ విద్యార్థులు ఎక్కువమంది ఉంటే ఉద్యోగం తేలికా?

ఏ ఊరెళ్లినా మీవాళ్లు ఒకరుంటారు, అంతవరకు నిజం. కానీ రెండు లక్షల మందిలో ఒకరికి మరొకరు రాసే ఉత్తరం, అపరిచితుడు రాసినదానితో దాదాపు సమానం. ఆరు వేలమందే పూర్వ విద్యార్థులున్న కాలేజీ పేరు చూస్తే అవతలివాళ్లు ఆగి చదువుతారు, అదే హాస్టల్ గురించి అడుగుతారు. అయితే అలాంటివాళ్లు మీ రంగంలో ఒక్కరూ లేకపోవచ్చు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం రెండుచోట్లా కొంతదూరమే సాగుతుంది.

చిన్న కాలేజీ నుంచి చాలా పెద్ద యూనివర్సిటీకి పైచదువుకు వెళ్తున్నాను. తట్టుకోగలనా?

పీజీ, పీహెచ్‌డీలో యూనివర్సిటీ మొత్తం సంఖ్యతో మీకు పెద్దగా పని పడదు. మీ క్యాంపస్ అంటే మీ గైడ్ దగ్గర ఉన్న ఎనిమిది మంది, మీ కారిడార్‌లో ఉన్న ముప్పై మంది. ఆ ఎనిమిది మందితో పొసగకపోతే నలభై వేలమంది ఉండీ లాభం లేదు. కాబట్టి చేరే ముందు యూనివర్సిటీ గురించి చదవడం తగ్గించి, ఆ బృందంలో ఇద్దరితో మాట్లాడండి. ఒకరు ఇప్పుడు ఉన్నవాళ్లు, ఇంకొకరు పూర్తిచేయకుండా మధ్యలో వెళ్లిపోయినవాళ్లు. రెండోవాళ్ల ఫోన్ నంబర్ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. మొదటివాళ్లనే అడిగి తీసుకోండి.